ఫ్యాక్టరీలో మనుషుల లెక్క: కార్మిక ఉత్పాదకత, ఉద్యోగాల హెచ్చుతగ్గుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల ఒక పారిశ్రామికవాడలో టైమ్ ఆఫీసులో పనిచేశాను. పొద్దున ఆరింటికి ఎ షిఫ్టు హాజరు, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు, నెలాఖరుకు ఓటీ (ఓవర్‌టైమ్, అదనపు గంటల) షీట్లు, కాంట్రాక్టర్ల బిల్లులు. "ఈ నెల ఇరవై మందిని తగ్గించండి" అని పైనుంచి ఒక అంకె వస్తుంది. దాన్ని పేర్లుగా మార్చి కాగితం మీద పెట్టేది మాలాంటివాళ్లమే. ఆ ఉద్యోగం మానేసినా ఫోన్లు మాత్రం ఆగలేదు. పాత కార్మికులు, హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన పిల్లలు, ఎంబీఏ ప్రాజెక్టు రాసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

కార్మిక ఉత్పాదకత అంటే ఏమిటి?

కొంత శ్రమ పెడితే ఎంత సరుకు బయటికి వచ్చిందన్నదే. సరుకును టన్నుల్లో, మీటర్లలో, పీసుల్లో కొలవచ్చు. రకరకాల సరుకులు చేసే ఫ్యాక్టరీలను పోల్చాలంటే మాత్రం రూపాయల్లోకి రావాలి. అప్పుడు మొత్తం అమ్మకాలు కాకుండా, అందులోంచి ముడిసరుకు, కరెంటు, ఇంధనం వంటి ఖర్చులు తీసేసి మిగిలినదాన్ని చూస్తారు. ఫ్యాక్టరీ తన పనితో సరుకుకు జోడించిన విలువ అది. దాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే తలసరి ఉత్పాదకత వస్తుంది.

దేశంలోని రిజిస్టర్డ్ ఫ్యాక్టరీలన్నీ కలిపి 2023-24లో సుమారు 24.6 లక్షల కోట్ల రూపాయల విలువ జోడించాయి. పనిచేసినవాళ్లు దాదాపు 1.95 కోట్ల మంది. అంటే తలకు ఏడాదికి పన్నెండున్నర లక్షల చొప్పున. ఈ సగటును చూసి తొందరపడి ఏ నిర్ణయానికీ రావద్దు. చమురు శుద్ధి కర్మాగారంలో తలసరి విలువ బట్టలు కుట్టే యూనిట్ కన్నా పదుల రెట్లు ఉంటుంది. శుద్ధి కర్మాగారంలో ఆపరేటర్ ఎక్కువ కష్టపడతాడని, కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న అమ్మాయి తక్కువ కష్టపడుతుందని దాని అర్థం కాదు. ఒక్కో మనిషి వెనక పెట్టిన యంత్రాల విలువలో అంత తేడా ఉంది.

తలకు లెక్క కట్టాలా, గంటకు కట్టాలా?

గంటకే కట్టాలి. వంద మంది రోజుకు 8 గంటలు పనిచేసి 800 పీసులు తీస్తున్నారనుకోండి. తలకు 8 పీసులు, గంటకు 1. ఆర్డర్ ఎక్కువై అదే వంద మందితో 10 గంటలు చేయిస్తే 950 పీసులు వచ్చాయి. తలకు 9.5 అయింది కాబట్టి మేనేజరు మీటింగ్‌లో "ఉత్పాదకత దాదాపు 19 శాతం పెరిగింది" అని చెప్పుకుంటాడు. గంటకు చూస్తే 0.95కి పడిపోయింది. మనుషులు అలసిపోయారని చెప్పేది ఈ రెండో అంకె. నేను చూసిన నెలవారీ రిపోర్టుల్లో ఈ రెండో అంకెకు గడి కూడా ఉండేది కాదు.

ఇంకో జాగ్రత్త. క్యాంటీన్, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనులను బయటి కంపెనీలకు ఇచ్చేస్తే ఫ్యాక్టరీ లెక్కలో మనుషులు తగ్గుతారు, తలసరి అంకె పెరుగుతుంది. పని జరిగే చోట మాత్రం ఏమీ మారలేదు. రెండేళ్ల అంకెలు పోల్చేటప్పుడు ముందు అడగాల్సింది ఇదే: లెక్కలో ఎవరిని చేర్చారు, ఎవరిని వదిలేశారు?

ఈ గణాంకాలు ఎక్కడి నుంచి వస్తాయి?

కేంద్ర గణాంక శాఖ ఏటా చేసే వార్షిక పరిశ్రమల సర్వే నుంచి. వాడుకలో ఏఎస్‌ఐ అంటారు. ఫ్యాక్టరీల చట్టం, 1948 కింద నమోదైన యూనిట్లు, అంటే కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది, ఆపైన పనిచేసేవి ప్రధానంగా ఇందులోకి వస్తూ వచ్చాయి. కాంట్రాక్ట్ కార్మికులను, కంపెనీ రోల్‌లో ఉన్నవాళ్లను ఇది విడివిడిగా లెక్కిస్తుంది. నాకు ఇందులో బాగా పనికొచ్చేది ఆ ఒక్క విభజనే. ఇంట్లో బీడీలు చుట్టే నిజామాబాద్ ఆడవాళ్లు, నలుగురితో నడిచే లేతు షాపులు ఇందులో కనిపించవు.

గార్మెంట్ యూనిట్లో "లైన్ ఎఫిషియెన్సీ 62 శాతం" అంటారు. అది ఎలా వస్తుంది?

ఒక చొక్కా కుట్టడానికి నిలకడగా పనిచేసే ఆపరేటర్‌కు ఎన్ని నిమిషాలు పట్టాలో ముందే లెక్క కడతారు. దాన్ని శామ్ అంటారు. చొక్కా శామ్ 20 నిమిషాలు, లైన్లో 40 మంది, షిఫ్టు 480 నిమిషాలు అనుకోండి. ఉన్న నిమిషాలు 19,200. ఆ రోజు 600 చొక్కాలు వస్తే పనికొచ్చిన నిమిషాలు 12,000. భాగిస్తే 62.5 శాతం.

మిగతా 37.5 శాతం ఎక్కడ పోయింది? చాలామంది "అమ్మాయిలు కబుర్లు చెప్పుకుంటున్నారు" అని తేల్చేస్తారు. లైన్ పక్కన ఒక గంట నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది. కాలర్ అతికించే అక్క ముందు బండిళ్లు నడుము ఎత్తున పేరుకుపోయి ఉంటాయి. ఆమె తల ఎత్తదు, మంచినీళ్లకు కూడా లేవదు. ఆమె తర్వాతి మిషన్ మీద స్లీవ్ వేసే అమ్మాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, ఎందుకంటే ఆమెకు పీసులు అందడం లేదు. సూపర్‌వైజర్ వచ్చి ఖాళీగా కూర్చున్న అమ్మాయిని తిడతాడు. కాలర్ దగ్గర ఇంకో మిషన్ వేస్తే ఇద్దరి సమస్యా తీరిపోతుంది. దీన్ని లైన్ బ్యాలెన్సింగ్ అంటారు. దారం తెగడం, సూది విరగడం, కటింగ్ నుంచి ముక్కలు ఆలస్యంగా రావడం, స్టైల్ మారిన మొదటి రెండు రోజులు చేయి తిరగకపోవడం, పోయిన నిమిషాల్లో ఎక్కువ భాగం వీటి కిందకే వస్తాయి.

స్పిన్నింగ్ మిల్లుల్లో కూడా ఇదే పద్ధతా?

కాదు. అక్కడ యంత్రం ఆగకుండా తిరుగుతుంది, మనిషి దాన్ని కనిపెట్టుకుని ఉంటాడు. అందుకే వెయ్యి కదుళ్లకు ఎంతమంది, వంద కిలోల నూలుకు ఎన్ని పనిగంటలు అని చూస్తారు. గుంటూరు, చిలకలూరిపేట వైపు మిల్లుల్లో సైడర్‌కు, అంటే నూలు వడికే యంత్రాన్ని చూసుకునే కార్మికుడికి, ఎన్ని సైడ్లు (కదుళ్ల వరుసలు) ఇవ్వాలన్నదే ఎప్పుడూ గొడవ. సైడ్లు పెంచితే కాగితం మీద మనిషి ఆదా అవుతాడు. పత్తి బాగోలేక పోగులు ఎక్కువ తెగే రోజున మాత్రం సైడర్ అతికించుకుంటూ పరుగెత్తాలి, నూలు నాణ్యత కూడా పడిపోతుంది.

ఉత్పాదకత తక్కువగా ఉంటే తప్పు కార్మికుడిదేనా?

దీనికి నా అభిప్రాయం కన్నా గట్టి ఆధారాలే ఉన్నాయి. నికొలస్ బ్లూమ్, ఆయన తోటి ఆర్థికవేత్తలు ముంబైకి దగ్గర్లోని తారాపూర్, ఉమర్‌గామ్ ప్రాంతాల బట్టల మిల్లుల్లో ఒక ప్రయోగం చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని మిల్లులకు ఉచితంగా కన్సల్టెంట్లను పంపారు. వాళ్లు చెప్పినవి పెద్ద విషయాలేం కావు: విడిభాగాలకు లేబుళ్లు అంటించి వరుసగా పెట్టడం, నేల మీద చెత్త, నూనె లేకుండా చూడడం, యంత్రాలకు వేళకు మరమ్మతు, లోపాలను ఏ రోజుకారోజు రాసి మర్నాడు పొద్దున కూర్చుని మాట్లాడుకోవడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కార్మికులు మాత్రం అదే మనుషులు.

రెండోది ఎండ. మన ఫ్యాక్టరీల లెక్కలు తీసి చూసిన ఆర్థికవేత్తలు, ఏడాది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఫ్యాక్టరీ ఉత్పత్తి సుమారు 2 శాతం పడుతుందని తేల్చారు. బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో మామూలు ట్యూబులైట్ల బదులు వేడి తక్కువ పుట్టించే ఎల్‌ఈడీ దీపాలు పెడితే, ఎండవల్ల పడే దెబ్బలో చాలా భాగం తగ్గిందని ఇంకో అధ్యయనం చూపింది. మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం రెండు గంటల బి షిఫ్టుకు కార్డు కొట్టినవాళ్లకు దీనికి ఏ అధ్యయనమూ అక్కర్లేదు. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బి షిఫ్టు ఉత్పత్తి ఏటా పడేది. ఏటా సూపర్‌వైజర్లకే మెమోలు వెళ్లేవి. కూలర్లు పెట్టమని అడగడానికి మాకు మూడేళ్లు పట్టింది.

ఆర్డర్లు తగ్గితే యాజమాన్యం మొదట ఎవరిని తీసేస్తుంది?

మొదట మనుషుల్ని కాదు, గంటల్ని తీస్తారు. మొదటి వారం ఓటీ ఆపేస్తారు. ఆ తర్వాత ఖాళీ అయిన పోస్టులు నింపరు. తర్వాత కాంట్రాక్ట్ వాళ్లు. ఆ తర్వాత ట్రైనీలు, ప్రొబేషన్లో ఉన్నవాళ్లు, బద్లీ కార్మికులు (రానివాళ్ల బదులు పనిచేసేవాళ్లు). పర్మినెంట్ వాళ్లకు సెలవులు వాడుకోమని చెప్పడం, లే ఆఫ్ (ఉద్యోగం ఉంచి కొన్నాళ్లు పని ఇవ్వకపోవడం), స్వచ్ఛంద విరమణ వంటివి చివర్లో. రిట్రెంచ్‌మెంట్, అంటే ఉద్యోగంలోంచి తీసేయడం, అన్న మాట కాగితం మీదకు వచ్చేది ఇవన్నీ అయ్యాకే.

ఈ వరుసలో అందరికన్నా చప్పుడు లేకుండా జరిగిపోయేది కాంట్రాక్ట్ వాళ్ల తగ్గింపు. సాయంత్రం మేస్త్రీ ఫోన్ చేసి "సార్, రేపటికి ఎంతమంది?" అని అడుగుతాడు. నేను "ముప్పై చాలు" అంటాను. అంతే, నోటీసు లేదు, సంతకం లేదు. మర్నాడు పొద్దున గేటు దగ్గర నలభై రెండు మంది దిగుతారు, ఎందుకంటే మేస్త్రీ అందరికీ చెప్పి ఉండడు, లేదా రమ్మని చూద్దాం అనుకుంటాడు. పన్నెండు మందిని వెనక్కి పంపాలి. పాలమూరు నుంచి వచ్చిన ఒకామె ఒకసారి టిఫిన్ బాక్సు చేతిలో పట్టుకుని నా కిటికీ దగ్గర నిలబడింది. "అన్నా, ఆటోకు నలభై పెట్టుకుని వచ్చిన. సగం పూటన్నా చూడు" అంది. నా చేతిలో సగం పూట లేదు. ఆ నెల రిపోర్టులో "మానవ వనరుల సర్దుబాటు పూర్తయింది" అని నేనే టైపు చేశాను. ఈ పేజీ రాయడానికి ఆమె కూడా ఒక కారణం.

పని లేకపోయినా కొంతమందిని జీతమిచ్చి ఎందుకు ఉంచుకుంటారు?

తీసేయడం, మళ్లీ తీసుకోవడం రెండూ ఖర్చే కాబట్టి. వాల్టర్ ఓయి అనే ఆర్థికవేత్త 1962లోనే దీన్ని విడమర్చి చెప్పాడు. మనిషిని వెతకడానికి, నేర్పించడానికి పెట్టిన డబ్బు అతనితో పాటే గేటు దాటిపోతుంది. అందుకే శ్రమను పూర్తిగా మారే ఖర్చుగా చూడకూడదు, కొంత భాగం యంత్రంలాగే స్థిరమైన పెట్టుబడి అని ఆయన వాదన. టూల్ రూమ్ ఫిట్టర్, బాయిలర్ అటెండెంట్, ఫార్మాలో రియాక్టర్ నడిపే ఆపరేటర్ చేయి తిరగాలంటే ఏళ్లు పడతాయి. గిరాకీ మూడు నెలల్లో తిరిగొస్తుందన్న నమ్మకం ఉంటే వాళ్లను ఎవరూ వదులుకోరు. ప్యాకింగ్‌లో పనిచేసేవాళ్లను వదిలేస్తారు, ఎందుకంటే వారంలో ఇంకొకరికి నేర్పవచ్చు.

దీని వల్ల ఒక తమాషా జరుగుతుంది. మందగమనం మొదట్లో సరుకు తగ్గుతుంది, మనుషులు అంతగా తగ్గరు. తలసరి ఉత్పాదకత పడిపోతుంది. గిరాకీ తిరిగి లేచినప్పుడు ఉన్న మనుషులతోనే ఎక్కువ సరుకు వస్తుంది, అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఈ రెండింటిలోనూ కార్మికుల పనితనం మారలేదు. ఒక్క ఏడాది అంకె చూసి ఒక ఫ్యాక్టరీని పొగడకండి, తిట్టకండి.

ఆర్డర్లు పెరిగినప్పుడు కొత్తవాళ్లను వెంటనే ఎందుకు తీసుకోరు?

ఓటీకి చట్టప్రకారం రెట్టింపు జీతం ఇవ్వాలి. అయినా కొత్త మనిషి కన్నా చాలాసార్లు అదే సుళువు అనుకుంటారు. ఓటీ డబ్బు మీద పీఎఫ్ కట్టనక్కర్లేదు, కొత్తవాడికి నేర్పనక్కర్లేదు, ఆర్డర్ అయిపోతే ఆపేయవచ్చు. ఆర్డర్ నిలుస్తుందని నమ్మకం కుదిరేదాకా ఓటీ, తర్వాత కాంట్రాక్ట్, అప్పటికీ నిలిస్తే ఫిక్స్‌డ్ టర్మ్ (గడువు పెట్టి ఇచ్చే ఉద్యోగం), ఇదీ ఎక్కే మెట్ల వరుస. ఆంధ్రప్రదేశ్ 2025లో రోజు గరిష్ట పనిగంటలను 9 నుంచి 10కి పెంచింది, వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంచింది. దీన్ని ఎలా వాడతారన్నది టైమ్ ఆఫీసుల్లో చూడాలి. రెట్టింపు జీతం సరిగ్గా చేతికి వస్తే చాలామంది కార్మికులు ఓటీని కాదనరు. రెట్టింపు బదులు సింగిల్ రేటు కట్టే చోట్లే గొడవ.

కాంట్రాక్ట్ కార్మికులు ఇంతగా ఎందుకు పెరిగారు?

2000 ప్రాంతంలో రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల కార్మికుల్లో ఐదుగురికి ఒకరు కాంట్రాక్ట్. 2022-23 నాటికి 40 శాతం దాటారు, ఆ తర్వాతి ఏడాది ఇంకా పెరిగారు. తీసేయడం సుళువు, జీతం తక్కువ, యూనియన్‌లోకి రారు, ఈ మూడూ అందరికీ తెలిసిన కారణాలే. కోర్టు తీర్పుల, చట్టాల పాత్ర కూడా ఉంది. 2001లో సెయిల్ (ప్రభుత్వ ఉక్కు సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్ట్ పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు వాటంతట అవే ప్రధాన యజమాని (కాంట్రాక్టర్‌కు పని ఇచ్చిన ఫ్యాక్టరీ) దగ్గర పర్మినెంట్ అయిపోరని చెప్పింది. అంతకు ముందు 1996 నాటి ఎయిర్ ఇండియా తీర్పు ఇచ్చిన ఆశ దాంతో పోయింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్ట్ లేబర్ చట్టాన్ని సవరించి ప్రధాన పని, అనుబంధ పని అని గీత గీసింది. పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, ఎత్తుడు దించుడు వంటివి అనుబంధం. ప్రధాన పనిలో కూడా ఉన్నట్టుండి పని పెరిగితే కాంట్రాక్ట్ పెట్టుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఇప్పుడు కేంద్ర లేబర్ కోడ్ (పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన కొత్త చట్టం) కూడా దాదాపు అదే గీత గీసింది.

గీత కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది. షాప్ ఫ్లోర్ మీద ఒకే మిషన్‌కు ఆ పక్క పర్మినెంట్, ఈ పక్క కాంట్రాక్ట్ ఒకే పని చేస్తుంటారు. జీతాల్లో మాత్రం సగానికి సగం తేడా. కాంట్రాక్ట్ వాళ్లతో ఉత్పాదకత పెరుగుతుందా అంటే నా అనుభవంలో ఖర్చు తగ్గుతుంది, అంతే. ఆరు నెలలకోసారి మనుషులు మారిపోయే లైన్లో రిజెక్షన్లు ఎక్కువ, చిన్న గాయాలు ఎక్కువ. ఆ రెండూ జీతాల పద్దులో కనిపించవు కాబట్టి ఎవరూ కలిపి చూడరు.

కార్మికులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలా?

ఫ్యాక్టరీలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి. పారిశ్రామిక వివాదాల చట్టంలో 1976లో ఒక అధ్యాయం చేర్చారు. 300 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే లే ఆఫ్, రిట్రెంచ్‌మెంట్, మూసివేతలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. 1980ల్లో దాన్ని 100కు దించారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మళ్లీ 300కు తెచ్చింది. అంటే 100 నుంచి 299 మంది ఉన్న యూనిట్లలో ఇప్పుడు అనుమతి అక్కర్లేదు.

అనుమతి అక్కర్లేదంటే పరిహారం అక్కర్లేదని కాదు. ఈ రెండింటినీ కలిపేసి కార్మికులను బెదిరించడం చూశాను. ఏడాది సర్వీసు నిండినవాళ్లను తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. రోజుకు 600 చొప్పున ఎనిమిదేళ్లు చేసిన కార్మికుడికి 600 × 15 × 8, అంటే 72,000 రూపాయలు. గ్రాట్యుటీ దీనికి అదనం. కొత్త కోడ్ ప్రకారం తీసేసిన ప్రతి కార్మికుడి పేరు మీద ఇంకో 15 రోజుల వేతనాన్ని యజమాని రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) నిధికి కట్టాలి, అది 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు రావాలి. మామూలుగా ఒక విభాగంలో చివర చేరినవాళ్లే మొదట వెళ్లాలి, మళ్లీ తీసుకునేటప్పుడు తీసేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలి. ఈ చివరి నియమం గురించి అడిగిన కార్మికుడు పదకొండేళ్లలో నాకు ఒక్కడే తగిలాడు.

కఠినమైన చట్టాల వల్లే మన ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పెరగలేదంటారు. నిజమేనా?

దీని మీద ఆర్థికవేత్తలే ఏకాభిప్రాయానికి రాలేదు. 2004లో టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ రాష్ట్రాల చట్టసవరణలను వర్గీకరించి, కార్మికుల వైపు మొగ్గిన రాష్ట్రాల్లో రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల ఉత్పత్తి, ఉద్యోగాలు వెనకబడ్డాయని రాశారు. వాళ్ల లెక్కలో ఆంధ్రప్రదేశ్ యజమానుల వైపు మొగ్గిన రాష్ట్రం. ఆదిత్య భట్టాచార్జీ ఆ వర్గీకరణ పద్ధతినే తప్పుపట్టారు. ఒక్క సవరణతో రాష్ట్రం మొత్తాన్ని ఒక వైపు వేయడం, చట్టం అమలవుతోందా లేదా చూడకపోవడం సరికాదన్నారు. నేను ఆయన మాటకే దగ్గర. చట్టం ఎంత బిగువుగా ఉన్నా కాంట్రాక్టర్ ద్వారా మనుషుల సంఖ్యను రోజుకోలా మార్చుకోవడం నా కళ్ల ముందే జరిగింది. చట్టం అడ్డుకున్నది పర్మినెంట్ వాళ్లను తీసేయడాన్నే. కొత్తగా పర్మినెంట్ చేయకపోవడానికి కూడా అదే సాకైంది, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

చక్కెర, జిన్నింగ్, పొగాకు వంటి సీజన్ పరిశ్రమల సంగతేమిటి?

అక్కడ హెచ్చుతగ్గులు పంటను బట్టి ముందే తెలుసు. చెరకు క్రషింగ్ చలికాలంలో మొదలై వేసవికి ముగుస్తుంది, జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరు చేయడం) పత్తి రాకతో నడుస్తుంది. పర్మినెంట్ వాళ్లు కొద్దిమంది, సీజన్ వాళ్లు ఎక్కువ. లే ఆఫ్ పరిహారం నియమాలు సీజన్ యూనిట్లకు వర్తించవు. చక్కెర మిల్లుల్లో సీజన్ కార్మికుడికి మిల్లు ఆగిన నెలల్లో కొంత నిలుపుదల భత్యం ఇచ్చే ఆనవాయితీ ఉంది. మరుసటి ఏడు అదే ప్యాన్ మ్యాన్ (చెరకు పాకం కాచే నిపుణుడు) తిరిగి రావాలంటే అది చవకైన ఏర్పాటు.

కరెంటు కోతలప్పుడు ఏం జరిగేది?

2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు వారంలో రోజుల తరబడి పవర్ హాలిడే ఉండేది. 2022 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ వచ్చింది. వారపు సెలవు కాక ఇంకో రోజు మూత, నిరంతరం నడిచే పరిశ్రమలకు సగం కరెంటు. యంత్రం ఆగితే మనిషి ఎంత పనిమంతుడైనా ఉత్పాదకత సున్నా. పర్మినెంట్ వాళ్లకు ఆదివారం బదులు పవర్ హాలిడే రోజును వారపు సెలవుగా మార్చేవాళ్లం. కాంట్రాక్ట్ వాళ్లకు ఆ రోజు కూలీ ఉండేది కాదు.

వేరే దేశాల్లో ఇంతకన్నా మంచి పద్ధతి ఉందా?

జర్మనీది చూడదగ్గది. అక్కడ గిరాకీ పడినప్పుడు ఫ్యాక్టరీ మనుషుల్ని తీయకుండా అందరి గంటలూ తగ్గిస్తుంది. పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్నవాళ్లకు 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ భరిస్తుంది. కుర్జార్‌బైట్ అంటారు, అంటే పొట్టి పనివేళ. 2009లో వాళ్ల ఆర్థిక వ్యవస్థ 5 శాతానికి పైగా కుంచించుకుపోయినా నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. 2020 ఏప్రిల్లో దాదాపు 60 లక్షల మంది ఈ ఏర్పాటులో ఉన్నారు. అదే నెలలో మన దగ్గర కార్మికులు జాతీయ రహదారుల మీద నడుస్తున్నారు.

మన దగ్గర లే ఆఫ్ పరిహారం ఉంది. 50 మంది, ఆపైన ఉన్న యూనిట్లలో బేసిక్, డీఏల్లో సగం. అది యజమాని జేబు నుంచే పోవాలి కాబట్టి కష్టాల్లో ఉన్న యజమాని లే ఆఫ్ కన్నా కాంట్రాక్ట్ వాళ్లను ఇంటికి పంపడమే ఎంచుకుంటాడు. ఈఎస్ఐలో 2018 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. ఉద్యోగం పోయినవాళ్లకు సగటు జీతంలో సగం, 90 రోజుల వరకు, జీవితంలో ఒకసారి. గడువు పొడిగిస్తూ వస్తున్నారు. ఈఎస్ఐ కోత పడుతున్న కాంట్రాక్ట్ కార్మికులకు కూడా అర్హత ఉండవచ్చు, ఈ సంగతే చాలామందికి తెలియదు. దయచేసి పదిమందికి చెప్పండి.

రోబోలు వస్తే ఉద్యోగాలు పోతాయా?

కొన్ని పోతాయి, కొన్ని మారతాయి. పెనుకొండ కియా కార్ల ప్లాంటు 2019లో ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో మొదలైంది. అక్కడ వెల్డింగ్ ఎక్కువగా రోబోలదే, చివరి బిగింపు పనుల్లో మాత్రం మనుషులు కావాలి. శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ ఫోన్లు బిగించడం మొదలుపెడితే ఆ లైన్ల మీద ఎక్కువమంది అమ్మాయిలే చేరారు. ఎక్కడ యంత్రం పెట్టాలన్నది జీతం ఒక్కటే నిర్ణయించదు. పని బరువు, ప్రమాదం, పనిలో ఉండాల్సిన కచ్చితత్వం కూడా చూస్తారు. బస్తాలు మోసే పనికి కన్వేయర్ వచ్చినప్పుడు మా దగ్గర ఎవరూ బాధపడలేదు, ఎందుకంటే ఆ పన్నెండు మందికి ప్యాకింగ్‌లో పని చూపించారు. చూపించకపోతే సంగతి వేరుగా ఉండేది.

ఉత్పాదకత పెరిగితే జీతాలు పెరుగుతాయా?

పెరగాలి. లెక్కలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 1980ల మొదట్లో రిజిస్టర్డ్ ఫ్యాక్టరీలు జోడించిన నికర విలువలో కార్మికుల కూలి దాదాపు 30 శాతం. 2000 దశకం చివరికి అది సుమారు 10 శాతానికి జారింది, తర్వాత కొద్దిగా లేచింది. యంత్రాల వాటా పెరగడం ఒక కారణం, కాంట్రాక్ట్ వాటా పెరగడం ఇంకోటి. వేతన ఒప్పందానికి కూర్చునే యూనియన్ నాయకులకు నా సలహా ఒక్కటే. ధరల పెరుగుదలతో పాటు, గడిచిన మూడేళ్లలో గంటకు ఉత్పత్తి ఎంత పెరిగిందో కూడా బల్ల మీద పెట్టించండి.

మూతపడిన ఫ్యాక్టరీ తెరిస్తే పాతవాళ్లు తిరిగి వస్తారా?

ఎన్నేళ్లు మూసి ఉందో దాన్ని బట్టి. వరంగల్ అజంజాహీ మిల్లు 1934లో పుట్టి 2002లో మూతపడింది, మళ్లీ తెరుచుకోలేదు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగింది. ఊరి పేరులోనే కాగితం ఉన్న చోట నాలుగేళ్లు పొగగొట్టం చల్లారింది. 2018లో జేకే పేపర్ దివాలా ప్రక్రియ ద్వారా తీసుకుని మళ్లీ నడిపింది. నాలుగేళ్లలో నైపుణ్యం ఉన్నవాళ్లు వేరే మిల్లులకు వెళ్లిపోతారు, వయసు పైబడినవాళ్లు వైద్య పరీక్ష దగ్గరే ఆగిపోతారు.

కార్మికుడిగా నేను ఏమేం దాచుకోవాలి?

గేట్ పాస్ జిరాక్సు, జీతం చీటీలు, బ్యాంకులో జీతం పడిన స్టేట్‌మెంటు. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే ఒకే నంబరు)తో పీఎఫ్ పాస్‌బుక్ మూడు నెలలకోసారి చూసుకోండి. యజమాని పేరు మారిందంటే కాంట్రాక్టర్ మారాడని, మీ సర్వీసు మళ్లీ ఒకటో తారీఖు నుంచి మొదలుపెడుతున్నారని అనుమానించాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని బాధ్యత పడాలి, ఆ ఫిర్యాదు లేబర్ ఆఫీసులో ఇవ్వవచ్చు. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లయితే కొత్త కోడ్ ప్రకారం ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది, ఐదేళ్లు ఆగనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం హాజరు. పరిహారం రావాలంటే గడిచిన పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినట్టు చూపించాలి, చూపించాల్సింది మీరే. మా దగ్గర ఒక ఫిట్టర్ హెల్పర్ పిల్లాడి రఫ్ నోట్‌బుక్‌లో రోజూ తేదీ, షిఫ్టు, సూపర్‌వైజర్ పేరు రాసుకునేవాడు. కాంట్రాక్టర్ అతన్ని 180 రోజుల మనిషి అన్నాడు. లేబర్ ఆఫీసులో ఆ నోట్‌బుక్‌ను నా మస్టర్ (హాజరు) రిజిస్టర్ పక్కన పెట్టి తేదీలు ఒక్కొక్కటీ సరిచూశారు. మధ్యాహ్నం దాకా పట్టింది. 263 రోజులు తేలాయి.